పాత ఎంటీబీకి ఎక్కువ ట్రావెల్ షాకప్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున గండిపేట వైపు వెళ్లే రైడ్లలోనూ, సైకిల్ గ్రూపుల్లోనూ, మెకానిక్ షాపుల ముందూ ఇవే అనుమానాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పదేళ్లు పైబడిన 26 అంగుళాల చక్రాల ఎంటీబీలు (మౌంటెన్ బైకులు) ఊళ్లో ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. ఫ్రేము చెక్కుచెదరకుండా ఉంటుంది, ముందు షాకప్ (స్ప్రింగో గాలో ఉన్న ముందు ఫోర్క్) మాత్రం ఎప్పుడో బిగుసుకుపోయి ఉంటుంది. మార్చేటప్పుడు ఎలాగూ మారుస్తున్నాం కదా, కొంచెం పెద్దదే, అంటే ట్రావెల్ (షాకప్ కుంగగల దూరం) ఎక్కువున్నదే వేద్దాం అనిపించడం సహజం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాను.

## కొనాలా వద్దా అని ఆలోచించేటప్పుడు

నా సైకిల్‌కి 80 మి.మీ. షాకప్ ఉంది. 120 వేస్తే రాళ్లలో సాఫీగా పోతుందా?

120 వేస్తే చక్రం కదలడానికి ఇంకో 40 మి.మీ. చోటు దొరుకుతుంది. దాంతోపాటు సైకిల్ ముందు భాగం కూడా దాదాపు అంత ఎత్తూ లేస్తుంది. ఫోర్క్ పొడవు 20 మి.మీ. పెరిగిన ప్రతిసారీ హెడ్ యాంగిల్ (ఫోర్క్ దూరే ఫ్రేము గొట్టం, అంటే హెడ్ ట్యూబ్, నేలతో చేసే కోణం) సుమారు 1 డిగ్రీ వెనక్కి వాలుతుంది, పెడల్స్ ఉండే బాటమ్ బ్రాకెట్ 7, 8 మి.మీ. పైకి లేస్తుంది. 80 మి.మీ. కోసం గీసిన ఫ్రేముకి 120 అంటే 2 డిగ్రీల తేడా. ఆ ఫ్రేముకి అది ఎక్కువే. అసలు రాళ్ల మీద చేతులు అదిరిపోవడానికి కారణం చాలాసార్లు ట్రావెల్ తక్కువవడం కాదు, ఉన్న 80లో సగం కూడా కదలకపోవడం. లోపల డాంపింగ్ (కదలికను అదుపులో ఉంచే ఏర్పాటు) సరిగ్గా ఉన్న 100 మి.మీ. ఎయిర్ ఫోర్క్ (గాలితో పనిచేసేది) ముందు, వట్టి స్ప్రింగు మాత్రమే ఉన్న 120 ఏ మూలకూ రాదు. నన్నడిగితే 100 తీసుకోండి, మిగిలిన డబ్బు నాణ్యత మీద పెట్టండి.

ఎంతవరకు పెంచొచ్చు? ఒక్క మాటలో చెప్పండి.

20 మి.మీ. అది కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫోర్క్ పొడవుతో పోల్చి లెక్కేయాలి. మధ్యలో ఎవరో ఒకసారి మార్చి ఉంటే, ఇప్పుడున్న దానితో పోల్చకండి. ఆ మోడల్ తయారైన ఏడాది పట్టుకుని కంపెనీ పాత క్యాటలాగ్ వెతికితే అసలు ట్రావెల్ ఎంతో దొరుకుతుంది. కంపెనీయే గరిష్ఠ ఫోర్క్ పొడవు రాసి ఉంటే ఆ అంకె దాటొద్దు.

26కి కొత్త షాకప్‌లు దొరకట్లేదు. 27.5ది 100 మి.మీ. దొరికింది, నాదీ 100యే. పెట్టేయొచ్చు కదా?

మన దగ్గర ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ట్రావెల్ అంకె ఒకటే అయినంత మాత్రాన ఫోర్క్ పొడవు ఒకటి కాదు. చూడాల్సింది యాక్సిల్ టు క్రౌన్, అంటే చక్రం ఇరుసు మధ్య నుంచి, ఫోర్క్ క్రౌన్ (రెండు కాళ్లు కలిసే భాగం) మీద హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగుల సెట్) కింది రేస్ (బేరింగు ఆనే రింగు) కూర్చునే చోటు దాకా ఉన్న పొడవు. 26 చక్రానికి చేసిన 100 మి.మీ. ఫోర్క్ ఈ కొలతలో సుమారు 470 మి.మీ. ఉంటుంది. 27.5కి చేసిన 100 మి.మీ. ఫోర్క్ 485 నుంచి 490 వరకు వస్తుంది. 29ది 500 దాకా పోతుంది, కొన్ని దాటుతాయి కూడా. పెద్ద చక్రానికి చోటివ్వాలి కాబట్టి పొడవు పెరుగుతుంది. అంటే మీరు 100 తీసి 100 వేస్తున్నా, సైకిల్ దృష్టిలో అది 120 వేసినట్టే. మీ ఫ్రేము 100 మి.మీ. కోసం చేసినదైతే ఇది హద్దులోనే ఉంటుంది, వేసుకోవచ్చు. 80 కోసం చేసినదైతే వద్దు. ముందు చక్రం కూడా 27.5కి మార్చితే ఇరుసు ఇంకో 12.5 మి.మీ. పైకి పోతుంది, దాన్నీ కలుపుకోండి.

మా అన్న వాడిన 1990ల స్టీల్ ఎంటీబీ ఉంది. ముందు షాకప్పే లేదు. కొత్తగా వేయొచ్చా?

ముందు ఉన్న ఫోర్క్‌ని కొలవండి. ఆ కాలపు మామూలు రిజిడ్ ఫోర్కులు 400 మి.మీ. అటూ ఇటూ ఉంటాయి. దానికి 80 మి.మీ. షాకప్ వేస్తే పొడవు 450 అవుతుంది, అంటే రెండున్నర డిగ్రీలు. నడపడానికి బరువుగా, హ్యాండిల్ పక్కకు పడిపోతున్నట్టు ఉంటుంది. అలాంటి సైకిల్‌కి షాకప్ కన్నా వెడల్పు టైర్లు వేసి గాలి కాస్త తగ్గించి తొక్కడమే మేలు. ఫోర్క్ 430, 440 మి.మీ. ఉంటే మాత్రం ఆ ఫ్రేమును షాకప్ దృష్టిలో పెట్టుకునే చేశారని అర్థం. దానికి 80 హాయిగా పడుతుంది.

హెడ్ యాంగిల్ వాలితే మంచిదే కదన్నా, కొత్త సైకిళ్లన్నీ 65, 66 డిగ్రీలే ఉంటున్నాయి?

కొత్త సైకిళ్లలో ఆ ఒక్క అంకె మార్చి ఊరుకోలేదు. హెడ్ యాంగిల్ వాల్చారు, ఫ్రేము ముందుకు పొడుగు చేశారు, సీటు కోణం నిటారుగా నిలబెట్టారు, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) పొట్టి చేశారు. అన్నీ కలిసి పనిచేస్తాయి. పాత ఫ్రేముకి పొడుగు ఫోర్క్ వేస్తే సైకిల్ మొత్తం వెనక చక్రం చుట్టూ తిరిగినట్టు లేస్తుంది. హెడ్ యాంగిల్‌తోపాటు సీటు కోణం కూడా అంతే వాలుతుంది, రీచ్ (పెడల్స్ నుంచి హెడ్ ట్యూబ్ దాకా ముందుకున్న దూరం) తగ్గుతుంది. కొత్త సైకిల్‌లో ముందుకు పోయిన బరువు, ఇక్కడ వెనక్కి పోతుంది. 71 డిగ్రీల ఫ్రేము 70కి వస్తే దిగుడులో ధైర్యం పెరుగుతుంది, నిజమే. 68కి తెస్తే ఎక్కుడులో ముందు చక్రం నేలను పట్టుకోదు.

దీనికి పెట్టే డబ్బుతో కొత్త సైకిలే వస్తుంది కదా?

షాకప్, దానికి తోడు హెడ్‌సెట్, ముందు చక్రం, డిస్క్ బ్రేకు, ఇలా వరసగా కలుస్తూ పోతుంటే కాగితం మీద మొత్తం రాసుకుని చూడండి. ఈ రోజు ఆ సైకిల్ అమ్మితే వచ్చే ధరను ఖర్చు దాటుతోందంటే ఆగిపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఫ్రేము మీకు సరిగ్గా సరిపోయి, మిగతా సామానంతా అలాగే పనికొచ్చి, ఫోర్క్ ఒక్కటే మార్చాల్సి ఉంటే మాత్రం ఆ సైకిల్‌ని వదులుకోకండి. ఒంటికి సరిపడిన ఫ్రేము దొరకడం తేలిక కాదు.

## కొలతలు, కొనుగోలు

పాత షాకప్ పొడవు ఇంట్లో ఎలా కొలవాలి?

సైకిల్‌ని స్టాండు మీదో, ఇద్దరు పట్టుకునో ముందు చక్రం గాల్లో ఉండేలా చూడండి. పాత ఫోర్క్ కుంగిపోయి ఉంటుంది కాబట్టి చక్రాన్ని కిందికి లాగి పూర్తిగా సాగనివ్వాలి. ఇరుసు మధ్య బిందువు దగ్గర టేపు మొదలుపెట్టి, ఫోర్క్ క్రౌన్ పైభాగంలో హెడ్‌సెట్ కింది రేస్ అడుగు దాకా కొలవండి. ఇరుసు కాస్త ముందుకు ఉంటుంది కాబట్టి టేపు ఏటవాలుగా పడుతుంది, దానివల్ల వచ్చే తేడా 2 మి.మీ. లోపే. స్ప్రింగు బాగా చచ్చిపోయి ఎంత లాగినా సాగకపోతే, స్టాంచియన్ (కింది కాలులోకి జారే నున్నటి పై గొట్టం) మీద పాత మురికి గీత ఎక్కడిదాకా ఉందో చూడండి. ఫోర్క్ ఒకప్పుడు అక్కడిదాకా బయటికి ఉండేది.

షాపువాళ్లు టేపర్డ్ ఉంది, తీసుకోండి అంటున్నారు. పడుతుందా?

హెడ్ ట్యూబ్ లోపలి వ్యాసం మీద ఆధారపడుతుంది. పాత ఎంటీబీల్లో ఎక్కువ వాటికి అది 34 మి.మీ. ఉంటుంది, నిలువునా ఒకే మందం ఉన్న 1-1/8 అంగుళాల స్టీరర్ (ఫోర్క్ పైన హెడ్ ట్యూబ్‌లోకి దూరే గొట్టం) మాత్రమే పడుతుంది. టేపర్డ్ అంటే కిందికి లావయ్యే స్టీరర్, దాని కింది భాగం 1.5 అంగుళాలు, అది అందులో దూరే దారే లేదు. లోపలి వ్యాసం 44 మి.మీ. ఉంటే మార్గం ఉంది: కింద బయటికి కనిపించే కప్పు ఉన్న హెడ్‌సెట్ వేసి టేపర్డ్ పెట్టొచ్చు. ఆ కప్పు మందం సుమారు 12 మి.మీ. ఉంటుంది, ఫోర్క్ అంత మేర పొడుగైనట్టే లెక్క. ఈ 12ని మర్చిపోయి 20 మి.మీ. పొడుగు ఫోర్క్ కొంటే మొత్తం 32 అవుతుంది.

హెడ్‌సెట్ పైన పెద్ద నట్టు ఉంది. హ్యాండిల్ స్టెమ్ లోపలికి దిగి ఉంది. దీనికి మంచి షాకప్ వస్తుందా?

అది మరలున్న స్టీరర్. మన ఊళ్లో అమ్మిన మామూలు ఎంటీబీల్లో చాలావరకు ఇదే రకం. స్టెమ్ గొట్టం మందం కొలవండి. 22.2 మి.మీ. అయితే స్టీరర్ 1 అంగుళం, దానికి నేటి మంచి ఫోర్కులేవీ పట్టవు. ఆ సైకిల్ మీద ఈ ఖర్చు పెట్టొద్దు. 25.4 అయితే స్టీరర్ 1-1/8. హెడ్‌సెట్, స్టెమ్ రెండూ మరలు లేని రకానికి మార్చుకుంటే కొత్త ఫోర్క్ వేసుకోవచ్చు.

నాకు వి-బ్రేకులు ఉన్నాయి. కొత్త షాకప్‌కి బ్రేకు బిగించే చోటే లేదు, ఏం చేయాలి?

ఇప్పుడొచ్చే మంచి ఫోర్కుల్లో చాలావాటికి డిస్క్ బ్రేకుకి మాత్రమే చోటుంటుంది. అప్పుడు ముందు చక్రానికి డిస్క్ హబ్, రోటర్, క్యాలిపర్ కొనాలి. ముందు డిస్క్, వెనక వి-బ్రేకు ఉన్నా ఇబ్బందేమీ లేదు. వి-బ్రేకు పిన్నులు ఉన్న ఫోర్కే దొరికితే, అది మీ చక్రం సైజుదేనా అని చూసుకోండి. 27.5 ఫోర్క్ పిన్నులకు 26 రిమ్ము అందదు, ప్యాడ్లు టైరు మీద పడతాయి.

నా చక్రం క్విక్ రిలీజ్ (లీవర్‌తో బిగించే సన్న ఇరుసు), షాకప్ 15 మి.మీ. యాక్సిల్ (లావు ఇరుసు). అడాప్టర్ వస్తుందా?

మీ హబ్ మోడల్‌ని బట్టి ఉంటుంది. కొన్ని హబ్‌లకు రెండు చివర్ల టోపీలు మార్చితే 15 మి.మీ. యాక్సిల్ దూరుతుంది. చవక హబ్‌లకు ఆ సౌకర్యం ఉండదు, చక్రం మార్చాల్సిందే. ఫోర్క్ మీద బూస్ట్ అని ఉంటే హబ్ వెడల్పు 110 మి.మీ., మీ దగ్గరున్నది 100.

ఓఎల్ఎక్స్‌లో పాత ఫోర్క్ చవగ్గా ఉంది. ఏం చూడాలి?

అన్నిటికన్నా ముందు స్టీరర్ పొడవు. టేపు పక్కన పెట్టి ఫోటో తీసి పంపమనండి, నోటిమాట నమ్మొద్దు. మీ హెడ్ ట్యూబ్, రెండు హెడ్‌సెట్ కప్పులు, స్టెమ్ మందం కలిపితే వచ్చే కొలత కన్నా అది పొట్టిగా ఉంటే, మిగతాదంతా ఎంత బాగున్నా మీకు పనికిరాదు. చేతిలోకి తీసుకున్నాక స్టాంచియన్ల మీద గోరు పెట్టి పైనుంచి కిందికి లాగండి. గోరు తగులుకునే గీత ఉంటే అక్కడ సీలు ఆయిల్‌ని ఆపలేదు. స్టాంచియన్ల వెనక వైపు రంగు అరిగి తెల్లబడిందా చూడండి, జనం ముందు వైపు మాత్రమే చూస్తారు. బ్రేకు పట్టి ముందుకూ వెనక్కీ ఊపితే లోపల టకటకమంటోందా? అంటే బుషింగులు (స్టాంచియన్లు జారే లోపలి రింగులు) అరిగాయి, వాటిని మార్చడం సీళ్లు మార్చినంత తేలిక కాదు. ఎయిర్ ఫోర్క్ అయితే ముందు రోజు రాత్రి గాలి నింపి ఉంచమని, మర్నాడు ప్రెషర్ చూడండి.

స్ప్రింగా, ఎయిరా?

ఎయిర్. మీ బరువుకి తగ్గట్టు పంపుతో సర్దుకోవచ్చు, తేలిక కూడా. పైగా చాలా ఎయిర్ ఫోర్కుల్లో లోపలి ఎయిర్ షాఫ్ట్ మార్చో, స్పేసర్ వేసో ట్రావెల్ తగ్గించవచ్చు. 120 కొని పొడుగనిపిస్తే 100కి దించుకునే వీలుంటుంది. కొనేముందు ఆ మోడల్‌కి ఈ వీలుందో లేదో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి.

## బిగించేటప్పుడు

ఇంట్లో చేసుకోవచ్చా?

అలెన్ కీలు తిప్పడం తెలిసినవాళ్లు చేసుకోవచ్చు, ఒక్క క్రౌన్ రేస్ తప్ప. పాత ఫోర్క్ నుంచి దాన్ని ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో ఒకే వైపు కొడితే వంకరపోతుంది. రెండు వైపులా మార్చి మార్చి, కొంచెం కొంచెంగా లేపాలి. కొత్త ఫోర్క్‌కి దించేటప్పుడు స్టీరర్‌కి సరిగ్గా సరిపోయే గొట్టం తొడిగి పైనుంచి నిటారుగా కొట్టాలి. చప్పుడు మారుతుంది: మొదట బోలుగా వినిపించే దెబ్బ, రేస్ అడుగుకు కూర్చున్నాక గట్టిగా ఖణేల్మంటుంది. తర్వాత వెనక టార్చ్ పెట్టి చుట్టూ చూడండి. రేస్‌కీ క్రౌన్‌కీ మధ్య ఎక్కడా వెలుగు కనిపించకూడదు. కార్ట్రిడ్జ్ బేరింగులు గరగరమంటుంటే ఇదే అదను, మార్చేయండి. బేరింగు అంచు మీద రాసి ఉన్న నంబరు, కోణం పట్టుకెళ్తే రాణిగంజ్ బేరింగు షాపుల్లో అడిగి చూడొచ్చు.

స్టీరర్ ఎంత కోయాలి?

మొదటిసారి కోయకండి. కొన్ని వారాలు స్టెమ్ పైన స్పేసర్లు పెట్టి నడపండి, ఎత్తు కుదిరాక కోయించండి. చివరికి స్టీరర్ అంచు, పైనున్న స్టెమ్ లేదా స్పేసర్ అంచు కన్నా 3 మి.మీ. కిందికి ఉండాలి. స్టీరర్ కార్బన్‌దైతే లోపల స్టార్ నట్ (పై టోపీ బోల్టు పట్టే నట్టు) కొట్టొద్దు, విచ్చుకునే ప్లగ్ వాడాలి.

అంతా బిగించాను, కానీ బ్రేకు వేస్తే హెడ్ కదులుతోంది.

వరస తప్పి ఉంటుంది. ముందు స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయండి. పై టోపీ బోల్టుని కొద్దికొద్దిగా బిగిస్తూ, ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ఊపుతూ, కప్పు దగ్గర వేలు పెట్టి చూడండి. కదలిక పోయి, హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతున్న చోట ఆపండి. అప్పుడు స్టెమ్ బోల్టులు బిగించండి. స్టెమ్ మీద అంకె రాసి ఉంటే అంతే, లేకపోతే 5 న్యూటన్ మీటర్లు సాధారణంగా సరిపోతుంది. పై టోపీ పని హెడ్‌సెట్‌ని సర్దడం వరకే. హ్యాండిల్‌ని పట్టి ఉంచేది స్టెమ్ బోల్టులు.

హ్యాండిల్ పూర్తిగా తిప్పితే లాకౌట్ నాబ్ (షాకప్ కదలకుండా ఆపే బిరడా) ఫ్రేముకి తగులుతోంది.

పాత ఫ్రేముల్లో డౌన్ ట్యూబ్ (పెడల్స్ వైపు వెళ్లే ఫ్రేము గొట్టం) హెడ్ ట్యూబ్ నుంచి నేరుగా కిందికి దిగుతుంది, ఈ నాబులకు చోటు వదల్లేదు. ఇలాగే వదిలేస్తే ఒక్కసారి పడితే చాలు, డౌన్ ట్యూబ్‌కి సొట్ట పడుతుంది. కాస్త ఎత్తు కింది కప్పు వేస్తే తప్పుతుంది, కానీ ముందు భాగం ఆ మేర ఇంకా లేస్తుంది. హ్యాండిల్ నుంచి కేబుల్‌తో నడిచే లాకౌట్ ఉన్న మోడళ్లలో క్రౌన్ మీది భాగం కొన్నిసార్లు పొట్టిగా ఉంటుంది, అదీ చూడండి.

తొక్కడానికి ముందు చివరిగా ఏం చూడాలి?

గాలి పూర్తిగా తీసేసి ఫోర్క్‌ని అడుగంటా నొక్కండి. టైరుకీ క్రౌన్‌కీ మధ్య కనీసం 6 మి.మీ. ఖాళీ ఉండాలి. హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి బ్రేకు, గేరు వైర్లు లాగుకుపోతున్నాయేమో చూడండి. ఫోర్క్ పొడుగైంది కాబట్టి ముందు బ్రేకు వైరు చాలకపోవడం మామూలే.

## సెట్టింగ్

వేయించాక నడుము నొప్పి, సీట్లో వెనక్కి జారుతున్నట్టుంది.

సైకిల్ ముందు లేచింది, మీరు కూర్చునే తీరు మారింది. 20 మి.మీ. పొడుగుకి సీటు ముక్కు 1 డిగ్రీ పైకి లేస్తుంది, సీటు పెడల్స్‌కి 12 మి.మీ. దాకా వెనక్కి పోతుంది, హ్యాండిల్ సుమారు 15 మి.మీ. ఎత్తవుతుంది. లెవెల్ పెట్టి సీటుని మళ్లీ చదును చేయండి, పట్టాల మీద సుమారు 10 మి.మీ. ముందుకు జరపండి. స్టెమ్ కింద ఉన్న స్పేసర్లు పైకి మార్చండి, చాలకపోతే స్టెమ్‌ని తిరగేసి బిగించండి.

గుట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రం అటూ ఇటూ ఊగుతోంది.

అనంతగిరి లాంటి చోట ఇది బాగా తెలుస్తుంది. ముందు చక్రం మీద బరువు తగ్గిపోయింది. హ్యాండిల్ కిందికి దించడం, సీటు ముందుకు జరపడం సగం పని చేస్తాయి. పాత 110 మి.మీ. స్టెమ్ ఉంటే 70కి తగ్గించి, వెడల్పు హ్యాండిల్ వేసుకుంటే అదుపు మెరుగవుతుంది. ఇన్ని చేసినా ఊగుతుంటే ఫోర్క్ మీ ఫ్రేముకి పొడుగే, ట్రావెల్ తగ్గించండి.

గాలి ఎంత కొట్టాలి? ఎండాకాలం మారుతుందా?

ఫోర్క్ కాలు మీద రాసిన పట్టికతో మొదలుపెట్టి, శాగ్ (మీ బరువుకి ఫోర్క్ కుంగే మేర) చూసి తేల్చుకోవాలి. బ్యాగు, హెల్మెట్‌తో సహా సైకిల్ ఎక్కి నిలబడితే ఫోర్క్ తన ట్రావెల్‌లో 20 నుంచి 25 శాతం కుంగాలి, అంటే 120కి 24 నుంచి 30 మి.మీ. ఎంత కుంగిందో చూపే రబ్బరు రింగు లేకపోతే స్టాంచియన్‌కి జిప్ టై వదులుగా కట్టుకోండి. ఎండ సంగతికొస్తే, తెల్లవారి 25 డిగ్రీల దగ్గర కొట్టిన గాలి మధ్యాహ్నం 42కి వేడెక్కితే ప్రెషర్ 5, 6 శాతం పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రైడ్ మొదలయ్యే వేళకే కొలవండి. ఖాజాగూడ వైపు బండరాళ్ల మీద వరస దెబ్బలు తగులుతాయి కాబట్టి రీబౌండ్ (కుంగిన ఫోర్క్ తిరిగి లేచే వేగం) మరీ నెమ్మదిగా పెట్టొద్దు, ఫోర్క్ తిరిగి లేచేలోపే ఇంకో రాయి వచ్చి, ట్రావెల్ అంతా లోపలే ఇరుక్కుపోతుంది.

నేను ఎక్కువగా ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్క సోలార్ పైకప్పున్న సైకిల్ ట్రాక్ మీదే తొక్కుతాను. ఉపయోగముందా?

లేదు. 2023లో మొదలైన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ నున్నటి దారి. ఉన్న ఫోర్క్‌కి సర్వీస్ చేయించి, నున్నటి టైర్లు వేసుకోండి.

## వేయించిన తర్వాత

ఫ్రేము విరుగుతుందని భయపెడుతున్నారు. నిజమేనా?

పొడుగు ఫోర్క్ మీట లాంటిది. చక్రానికి తగిలే ప్రతి దెబ్బా హెడ్ ట్యూబ్, డౌన్ ట్యూబ్ కలిసే చోట ఇంకొంచెం ఎక్కువ బలంతో పడుతుంది. 20 మి.మీ. పెంచితే ఆరోగ్యంగా ఉన్న ఫ్రేము తట్టుకుంటుంది. అయినా నెలకోసారి డౌన్ ట్యూబ్ అడుగున, వెల్డింగు వెనక అంగుళం మేర గుడ్డతో తుడిచి టార్చ్‌తో చూడండి. అల్యూమినియంలో పెయింటు మీద వెంట్రుక లాంటి గీత, తుడిచినా మళ్లీ దుమ్ము పట్టే గీత, ప్రమాద సూచన. స్టీల్ అయితే పెయింటు ముడతలు పడి, వేలికి ఉబ్బు తగులుతుంది. రెండింట్లో ఏది కనిపించినా ఆ రోజే తొక్కడం ఆపండి. ఇక్కడ ఫ్రేము ముందుగా చెప్పి విరగదు, విరిగితే ముఖం నేలకు కొట్టుకుంటుంది.

పగులు వస్తే బాలానగర్‌లో వెల్డింగ్ చేయించుకోవచ్చా?

స్టీల్ అయితే పనితెలిసిన చేతిలో సాధ్యమే. అల్యూమినియం వద్దు. సైకిల్ ఫ్రేములకు వాడే 6061 లాంటి అల్యూమినియానికి బలం వేడి శుద్ధి వల్ల వస్తుంది. వెల్డింగు వేడికి ఆ చుట్టుపక్కల బలం పోతుంది, మళ్లీ ఫ్రేము మొత్తాన్ని శుద్ధి చేస్తే తప్ప తిరిగి రాదు. పైకి అతుకు ఎంత అందంగా కనిపించినా పక్కనే మళ్లీ పగులుతుంది.

వర్షాకాలంలో ఎలా చూసుకోవాలి?

చేవెళ్ల, వికారాబాద్ వైపు నల్లరేగడి టైరుకీ క్రౌన్‌కీ మధ్య ముద్దగా పట్టేస్తుంది. ఆరనిచ్చి గీకొద్దు, తడిగా ఉన్నప్పుడే బకెట్ నీళ్లు పోసి కడిగేయండి. బైకుల వాషింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ సీళ్ల మీద కొట్టనివ్వకండి, నీళ్లు, ఇసుక లోపలికి పోతాయి. ప్రతి రైడ్ తర్వాత స్టాంచియన్లు మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు, తుప్పు వదిలించే స్ప్రేలు వాటి మీద కొట్టొద్దు. కింది కాళ్లు తీసి ఆయిల్ మార్చే చిన్న సర్వీస్‌ని రాక్‌షాక్స్ 50 గంటలకోసారి చేయమంటుంది. మన దుమ్ముకి అది సరైన లెక్కే.

పాత షాకప్ అమ్మేయొచ్చా?

వెంటనే వద్దు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం కొత్తదాని మీద తిరిగాకే తేల్చుకోండి. పాత క్రౌన్ రేస్, స్పేసర్లు, వి-బ్రేకు సామాను ఒక కవర్లో వేసి దానికే కట్టి ఉంచండి. కొత్త ఫోర్క్ సర్వీస్‌కి పోయిన వారాల్లో సైకిల్ మూలన పడకుండా ఉంటుంది.